అయిదు వోల్టులు

మురకంబట్టు షెడ్డుకు పొద్దు గూకే వేళ
పద్నాలుగు చక్రాల బండిని ఈడ్చుకొచ్చినాడు ఏకాంబరం.
మామిడి గుజ్జు పీపాలు, పైన టార్పాలిన్,
టార్పాలిన్ మీద ఎవరో ఆరేసి మరిచిన తువ్వాలు.
"మొగిలి ఘాట్లో మూడో మలుపు కాడ
పానం పోతాదన్నా దీనికి.
చదునులో గుర్రం. ఎక్కుడులో ముసిలెద్దు."

లాప్‌టాప్ తగిలిస్తే ఒకే మాట:
రైలు ప్రెషరు తక్కువ.
ఆ సెన్సారును ఇప్పటికి మూడుసార్లు మార్చినారు.
పలమనేరులో ఒకటి, కోలారులో ఒకటి,
మూడోది ఎక్కడో చెప్పలేదు.
చెప్పింది వేరే:
"డీజిల్లో కిరసనాయిలు కలిసుండాదంట,
కలిపింది నేనంట.
సెన్సార్ల దుడ్డు నా జీతంలో పట్టుకున్నాడు ఓనరు."

మీటరు తీసినాను.
తాళం తిప్పి, ఇంజను ముట్టించకుండా
పిన్నులో సూది పెడితే
నాలుగు పాయింటు తొమ్మిదెనిమిది.
జిలానీ మొహం వేలాడేసినాడు.
వాడికింకా తెలీదు,
నిలబడిన బండి ఎప్పుడూ సాధువే.

చక్రాలకు రాళ్లు పెట్టి, బ్రేకు పట్టించి,
ముట్టించి గేరులో వేసి
సగం క్లచ్చు వదలమన్నాను.
ఇంజను తన దిండ్ల మీద ఒత్తిగిలింది
నిద్రలో పక్కకు తిరిగే మనిషి లాగ.
మీటరులో అయిదు కాస్తా ఒకటిన్నరయింది.
ఒక్క రెప్పపాటు.
మళ్లీ అయిదు.

అయిదు వోల్టుల కూడు
ముగ్గురికీ ఒకే తట్టలో పోతాది:
రైలుకు, టర్బో గాలికి, ఇంజనాయిలుకు.
ఎవడి తీగ ఇనుముకు తగిలినా ముగ్గురూ పస్తే.
మొదట ఏడ్చినవాడి పేరు కంప్యూటరు రాసుకుంటాది.
ఏడ్చినవాడే దొంగ అని అది అనలేదు,
మనం చదువుకున్నాం.

రైలుది పీకించినాను, పడింది.
టర్బోది పీకినా పడింది.
ఆయిలుది పీకినా పడింది.
ముగ్గురూ మంచోళ్లే. చెడింది దారి.

టార్చి జిలానీ పళ్ల మధ్య.
తీగల కట్ట వెంబడి వేళ్లు పోనిచ్చినాను,
ఆవు చెవి వెనక గోమారును వెతికినట్టు.
స్టార్టరు పైన, బ్రాకెట్టు అంచున
తగిలింది బియ్యపు గింజంత రాగి.
గొట్టం అరిగి, తోలు అరిగి,
ఎక్కుడులో ఇంజను ఒరిగినప్పుడల్లా
ఇనుమును ముద్దు పెట్టుకుంటా ఉండాది.
అక్కడ ఉండాల్సిన క్లిప్పు లేదు.
బదులుగా తెల్ల దారం రెండు చుట్లు,
దాని మీద నల్ల టేపు,
టేపు కొసను లోపలికి మడిచిన తీరు

ఆ మడత నాది.
పోయిన ఆడి నెలలో స్టార్టరు దించినప్పుడు
క్లిప్పు విరిగితే, రేపు తెస్తాననుకున్నాను.

టార్చి కదల్లేదు.
టేపు అట్లా మడవడం
జిలానీకి నేర్పింది కూడా నేనే.

తీగ అతికి, తొడుగేసి, కొత్త క్లిప్పు బిగించినాను.
పన్నెండు రూపాయలు.

తెల్లారుజామున ఫోను.
"మూడో మలుపు దాటినానన్నా!"
ఇంజను అరుపులో సగం మాటలు పోయినాయి.
"తిరిగొచ్చేటప్పుడు బిల్లు తీసుకుంటా.
తప్పు నాది కాదని రాయి. ఓనరుకు చూపించాల."

బిల్లు పుస్తకం తెరిచినాను.
తప్పు ఎక్కడో రాసినాను: స్టార్టరు పైన, బ్రాకెట్టు అంచున.
తప్పు ఏమిటో రాసినాను.
ఎవరిది అనేదానికి అచ్చులో గడి లేదు,
చేత్తో గీసుకోవాల.

జిలానీ టీ గ్లాసు పెట్టి
ఏమీ అనకుండా
స్కేలును నా వైపు జరిపినాడు.